మనసు విరిగిన బొంతను ముగించడం ఎలా?

కుట్టుపని అలవాటున్న ఇళ్ళలో బీరువా మీదనో అటక మీదనో ఒక మూట ఉంటుంది. ఉత్సాహంగా మొదలుపెట్టి, సగానికి పైగా కుట్టి, ఆ తరువాత చూడబుద్ధి కాక కట్టిపెట్టిన బొంత అందులో ఉంటుంది. తిరుపతిలోని మా ఇంట్లో అటువంటి మూట మూడేళ్ళు ఉండిపోయింది. శ్రీకాళహస్తిలో కొన్న కలంకారీ గుడ్డల్లో మిగిలిన ముక్కలకు గాంధీ రోడ్డులో తీసుకున్న పసుపు, ఎరుపు నూలు గుడ్డలు చేర్చి, మా అక్క కూతురి పెళ్ళికి ఇవ్వాలని ఆ బొంతను ఆరంభించాను. ఆరంగుళాల చదరాలు వరుసకు 10 చొప్పున 15 వరుసలు, అంటే 150 ముక్కలు కుట్టాలని లెక్క. 96 ముక్కల దగ్గర చేయి ఆగింది. పెళ్ళి జరిగిపోయింది, పెళ్ళికూతురికి బిడ్డ కూడా పుట్టింది, మూట మాత్రం విప్పలేదు.

మళ్ళీ ఇష్టం కలిగాక చూద్దామని చాలామంది అనుకుంటారు. మూటలో ఉన్న గుడ్డ మీద ప్రేమ పెరగడం నేనైతే చూడలేదు. బొంత మొత్తం మీద విసుగు పుట్టిందని మనం అనుకుంటాం గాని, తరచి చూస్తే ఆ విసుగు ఏదో ఒక చోట కూర్చుని ఉంటుంది: ఒక రంగులో, ఒక వంకర కుట్టులో, తరగని పరిమాణంలో, లేదా ఆ బొంతను ఎవరి కోసం మొదలుపెట్టామో ఆ మనిషిలో. ఆ చోటును పట్టుకుంటే దానికి మాత్రమే మందు వేసి, మిగిలిన పనిని వీలైనంత తగ్గించి, ఇష్టంతో నిమిత్తం లేకుండానే బొంతను ముగించవచ్చు. ఆ పని ఏ వరుసలో చేయాలో కింద వివరిస్తున్నాను.

మూట విప్పిన రోజు

మొదటి రోజు సూది పట్టుకోకూడదు. వెలుతురు బాగా ఉన్న పూట, కుట్టినంత మేరను నేల మీద ముడతలు లేకుండా పరిచి, ముందు గుడ్డ ఆరోగ్యం చూడాలి. మన ప్రాంతంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలతో గాలిలో తేమ ఎక్కువగా ఉంటుంది. ఆ నెలల్లో ప్లాస్టిక్ సంచిలో బిగించి ఉంచిన నూలు గుడ్డకు బూజు పట్టడం మామూలే. ముక్కిపోయిన వాసన వస్తే ఎండ, గాలి చాలు. నల్లని చుక్కలు పడి ఉంటే మాత్రం అవి ఉతికినా పూర్తిగా పోవని ఒప్పుకుని, ఆ ముక్కలను మార్చవలసిన వాటి లెక్కలో వేయాలి.

తరువాత గుడ్డను రెండు చేతుల బొటనవేళ్ళ మధ్య పట్టి కొద్దిగా లాగి చూడాలి. చిరుగు శబ్దం వినిపిస్తే ఆ ముక్క బొంతకు పనికిరాదు. కలంకారీ ముక్కల్లో నల్లని గీతల దగ్గర ఈ పరీక్ష మరింత శ్రద్ధగా చేయాలి. శ్రీకాళహస్తి పద్ధతిలో గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో ముంచి ఆరబెట్టిన తరువాత, ఇనుప ముక్కలను బెల్లంతో నీళ్ళలో పులియబెట్టి తీసిన ద్రవంతో గీతలు గీస్తారు. కరక్కాయలోని వగరు, ఆ ద్రవంలోని ఇనుము కలిసి నలుపు వస్తుంది. ఆ ఇనుమే ఏళ్ళు గడిచే కొద్దీ నూలును బలహీనపరుస్తుంది కనుక, పాత ముక్కల్లో ముందు చీలేది నల్లగీత వెంబడే.

మూడో పరీక్ష రంగు వదలడం గురించి. తెల్లని గుడ్డను తడిపి పిండి, ఒక్కొక్క రంగు ముక్క మీద రెండు నిమిషాలు అదిమి ఉంచాలి. కొట్లో కలంకారీ అని అమ్మేవన్నీ కలంతో వేసినవి కావు. అచ్చులతో అద్దినవి, మిషను మీద ముద్రించినవి కూడా అదే పేరుతో వస్తాయి కాబట్టి పేరును నమ్మి ఈ పరీక్ష మానుకోవద్దు. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందని మా అమ్మ కాలం నుంచి వింటున్నాను. అద్దకం వేసేటప్పుడు ఉప్పుకు పని ఉన్నది గాని, అద్దడం ముగిసిపోయిన గుడ్డ వదిలే రంగును ఉప్పు పట్టి ఉంచదు. రంగు వదిలే ముక్కలు ఒకటి రెండయితే మార్చడం మేలు. ఎక్కువగా ఉంటే, బొంత ఇంకా ఒకే పొరగా ఉన్న ఈ దశలోనే చుట్టూ అంచున ఒక కుట్టు వేసి పీచు రాకుండా చేసి, పెద్ద తొట్టిలో చల్లని నీళ్ళు మార్చి మార్చి జాడించి, తడిగా మడత పెట్టకుండా వెంటనే నీడన పరిచి ఆరబెట్టాలి. మూడు పొరలు (పైన ముక్కలు కుట్టిన ముఖం, నడుమ మధ్య పొర, అడుగున అస్తరు) కలిపి కుట్టిన తరువాత ఈ అవకాశం ఉండదు.

ముక్కల్లో మూడో వంతు ఈ పరీక్షల్లో పోతే ఆ బొంతను వదిలేయడం తప్పు కాదు. బాగున్న ముక్కలతో రెండు దిండు గలేబులు కుట్టి, మిగతాది మసిగుడ్డలకు వాడుకోవచ్చు. ఇంతకాలం శ్రమపడ్డాం గనుక ఇంకా శ్రమపడాలనే వాదన కుళ్ళిన నూలు ముందు నిలవదు.

అయిష్టం ఎక్కడ ఉన్నది?

గుడ్డ బాగానే ఉన్నదని తేలాక, బొంతను అలాగే పరిచి ఉంచి, స్టూలు ఎక్కి ఫోనుతో ఒక ఫోటో తీయాలి. తరువాత ఆ ఫోటోలో రంగు తీసేసి నలుపు తెలుపుల్లో చూడాలి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గాని, ఈ మార్గదర్శిలో ఒక్క సలహా మాత్రమే పాటించే ఓపిక ఉంటే దీన్నే పాటించమంటాను. రంగు ఉన్నప్పుడు కంటికి అందని ముదురు లేతల తేడా ఇందులో బయటపడుతుంది. అన్ని ముక్కలూ ఒకే బూడిద రంగులో కనిపిస్తే బొంత చప్పగా ఉండడానికి కారణం అదే; ముదురు రంగు అంచు వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. మా బొంతలో ఎరుపు, కలంకారీ గోధుమరంగు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి, నిమ్మపండు రంగు పసుపు ముక్కలు మాత్రం పళ్ళికిలించినట్టు తెల్లగా మెరిశాయి. లెక్కపెడితే అవి 11. మూడేళ్ళ పాటు 96 ముక్కల మీద పెంచుకున్న విసుగు నిజానికి 11 ముక్కల మీదిదని అప్పుడు తెలిసింది.

కారణం కుట్టులోని తప్పయితే కొలత వేరు. నిలబడి, ఆరడుగుల దూరం నుంచి చూసినప్పుడు కనబడని తప్పును ముట్టుకోవద్దు. నాలుగు ముక్కలు కలిసే చోట మూలలు దారపు మందం అటూ ఇటూ అయితే, బొంత కుట్టిన తరువాత కుట్టిన మనిషికి తప్ప మరెవరికీ కనిపించదు. తప్పనిసరిగా విప్పవలసినవి రెండే: కుట్టు మార్జిన్ (కుట్టుకు అవతల మిగిలే గుడ్డ) పావు అంగుళం కన్నా బాగా తగ్గి, ఊడిపోయేలా ఉన్న చోటు, ముక్క సాగిపోయి గుడ్డ బుడగలా పైకి లేచిన చోటు. ఈ రెండో దానికి ముందు తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేసి చూడాలి. పెట్టెను అటూ ఇటూ తోయకుండా నిలువుగా ఎత్తి పెడుతూ పోతే కొద్దిపాటి బుడగ అణిగిపోతుంది. అణగకపోతేనే ఆ ఒక్క వరుసను విప్పాలి.

కారణం మనిషి అయితే, అంటే ఎవరి కోసం మొదలుపెట్టామో వాళ్ళతో మాటలు లేకపోయినా, వాళ్ళు లేకపోయినా, ఇప్పుడే మరొకరి పేరు అనుకుని ఆ పేరు మీద పని సాగించడం ఒక్కటే నాకు తెలిసిన దారి. దీని గురించి ఎక్కువ చెప్పడానికి లేదు.

పనిని కోయడం

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన నిర్ణయం పరిమాణం. కాగితం మీద మొదట రాసుకున్న కొలతకు మనం బానిసలం కాము. నా దగ్గర 96 ముక్కలు ఉన్నాయి. వరుసకు 8 చొప్పున 12 వరుసలు పేరిస్తే 48 అంగుళాల వెడల్పు, 72 అంగుళాల పొడవు వస్తుంది. చుట్టూ 4 అంగుళాల అంచు వేస్తే అది 56, 80 అవుతుంది. ఒక మనిషి కప్పుకోవడానికి సరిపోయే కొలత. అంటే ఇంకా కుట్టవలసిన 54 చదరాలు ఒక్క సాయంత్రంలో నాలుగు అంచు పట్టీలుగా మారిపోయాయి. మీ దగ్గర ఉన్న ముక్కల సంఖ్యను కూడా ఇలాగే రెండు మూడు విధాలుగా భాగించి చూడండి. ఒకటి రెండు ముక్కలు మిగిలితే అస్తరు వైపు వాడుకోవచ్చు.

నచ్చని ముక్కలను విప్పి తీయనవసరం లేదు, వాటి మీద వేరే ముక్క అతకడం సులభం. ఆరున్నర అంగుళాల చదరం కత్తిరించి, నాలుగు వైపులా పావు అంగుళం లోపలికి మడిచి ఇస్త్రీ చేస్తే సరిగ్గా ఆరంగుళాల చదరం వస్తుంది. దాన్ని పాత ముక్క మీద కుట్టు గీతలకు ఆనించి, గుండుసూదులు గుచ్చి, అదే రంగు దారంతో మడత లోపలి నుంచి కనబడకుండా సన్నని కుట్టు వేసుకుంటూ చుట్టూ రావాలి. లేత రంగు మీద ముదురు రంగే వేయాలి. ముదురు మీద లేతది వేస్తే కింది రంగు తొంగి చూస్తుంది. బొంతను చేతితో కుట్టదలచుకుంటే వెనక వైపు నుంచి పాత ముక్కను, పావు అంగుళం వదిలి, కత్తిరించి తీసేయడం మంచిది, లేకపోతే ఆ చోట సూది దిగదు. నేను 11 పసుపు ముక్కల మీద ముదురు నీలి గుడ్డ వేశాను, నాలుగు సాయంత్రాలు పట్టింది.

టీ డికాషన్‌లో ముంచి రంగు తగ్గించే ఉపాయం ఒకటి చెబుతారు. ఒకే రకం గుడ్డకు అది పనిచేస్తుంది గాని, రకరకాల గుడ్డలు ఉన్న బొంతలో ఒక్కొక్కటి ఒక్కొక్క విధంగా రంగు తాగి మరకలు పడుతుంది. కలంకారీ ఉన్న చోట అసలు వద్దు.

అంచు కొలిచేటప్పుడు బొంత పక్కల వెంబడి టేపు పెట్టకూడదు. చేతులు పడి పడి పక్కలు సాగి ఉంటాయి. ఆ కొలతకు పట్టీ కత్తిరిస్తే అంచు అలలు అలలుగా లేస్తుంది. బొంత నడిమధ్యన పొడవు కొలిచి, ఆ కొలతకే రెండు నిలువు పట్టీలు కత్తిరించి, పట్టీ మధ్యను బొంత మధ్యకు, కొసను కొసకు గుచ్చి, నడుమ ఉన్న కాస్త వదులును సర్దుకుంటూ కుట్టాలి. అవి కుట్టాక, ఆ పట్టీలతో కలిపి నడిమి వెడల్పు కొలిచి అడ్డం పట్టీలు కత్తిరించాలి. 4 అంగుళాల అంచుకు పట్టీ వెడల్పు నాలుగున్నర.

మూడు పొరలు కలపడం

అస్తరు బొంత కన్నా నాలుగు వైపులా మూడేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి. 56, 80 కొలతకు 62, 86 అన్నమాట. దీనికి కొత్త గుడ్డ కొనడం నాకు దండగ అనిపిస్తుంది. పాత నూలు చీరను 88 అంగుళాల చొప్పున రెండు ముక్కలు చేసి, పక్కపక్కన జోడించి, ఎక్కువైన వెడల్పు తీసేస్తే సరిపోతుంది. చీరను వెలుతురుకు ఎత్తి పట్టుకుని, పలచబడిన కుచ్చిళ్ళ మేరను వదిలేయాలి.

మధ్య పొర విషయంలో మన వాతావరణాన్ని గుర్తుంచుకోవాలి. తిరుపతిలో చలి నెలలు కొద్ది, ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. దళసరి పాలిస్టర్ పొర వేసిన బొంత సంవత్సరంలో పది నెలలు మడత మీదే ఉంటుంది. మెత్తబడిన నూలు చీరలు రెండు గానీ, పాత దుప్పటి ఒకటి గానీ చాలు. ఏకిన దూది పరవాలనుకుంటే కుట్టు గీతల మధ్య రెండు అంగుళాలకు మించి ఎడం ఉండకూడదు, లేకపోతే రెండు ఉతుకుల్లో దూది ఉండలు కడుతుంది. నచ్చని బొంతకు అంత కుట్టు కుట్టే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి ఆ జోలికి పోవద్దు.

నేలను తుడిచి, అస్తరును మంచి వైపు కిందికి వచ్చేలా పరిచి, కొసలను టేపుతో నేలకు అంటించి, దాని మీద మధ్య పొర, ఆపైన బొంత ముఖం పరవాలి. ఒక్కొక్క పొరను మధ్య నుంచి అంచులకు అరచేత్తో నిమురుతూ రావాలి. ఆ తరువాత పచ్చికుట్టు, అంటే పొరలు జరగకుండా తాత్కాలికంగా వేసే కుట్టు. మధ్య నుంచి మొదలుపెట్టి నాలుగు దిక్కులకు, వరుసకూ వరుసకూ బెత్తెడు ఎడంతో, పొడుగు కుట్లు వేయాలి. విసుగుతో తొందరపడే మనిషి తప్పకుండా ఎగ్గొట్టే మెట్టు ఇదే, నేనూ ఒకసారి ఎగ్గొట్టాను. అస్తరులో పడిన ముడతలు కుట్టంతా అయ్యాక గాని కనిపించలేదు, అప్పుడు విప్పడానికి పట్టిన కాలం పచ్చికుట్టుకు పట్టే కాలానికి ఆరింతలు.

కుట్టు ఎంత తక్కువ ఉంటే చాలు?

పొరలను కలిపి ఉంచడం కోసమే ఈ కుట్టు. మొదట్లో మనసులో ఉన్న తామరపూల కుట్టు, నెమలి కుట్టు ఇప్పుడు వద్దు. ముక్కలు కలిసే గీతకు పావు అంగుళం పక్కన నేరుగా వెళ్ళే సాదా కుట్టు వేస్తే గీతలు గీసుకునే పని కూడా తప్పుతుంది. మిషను మీద కుట్టేవారు 14 నంబరు సూది, పొరలు మందంగా ఉంటే 16 నంబరు వేసి, కుట్టు పొడవును మామూలు కన్నా పెంచి, పాదం ఒత్తిడి తగ్గించుకోవాలి. ఒక గీత పైనుంచి కిందికి, పక్క గీత కిందినుంచి పైకి కుట్టకుండా, అన్నీ ఒకే దిక్కుగా కుట్టాలి, లేకపోతే పై గుడ్డ మెలి తిరుగుతుంది. బొంత బరువు మిషను బల్ల మీద నుంచి వేలాడితే కుట్లు బిగుసుకుంటాయి. పక్కన ఒక కుర్చీ వేసి దాని మీద ఆనించాలి.

ఇంకా త్వరగా ముగించాలంటే ముడులు వేయవచ్చు. దళసరి నూలు దారాన్ని పెద్ద సూదికి ఎక్కించి, పైనుంచి కిందికి దింపి, పావు అంగుళం పక్కన పైకి తీసి, మళ్ళీ అదే చోట ఒకసారి తిప్పి, కుడి ఎడమగా ఒకటి, ఎడమ కుడిగా ఒకటి ముడి వేసి, అర అంగుళం కొసలు వదిలి కత్తిరించాలి. నాలుగు అంగుళాలకు ఒక ముడి ఉంటే, మధ్యలో చీరలు గానీ దుప్పటి గానీ వేసిన బొంతకు సరిపోతుంది. పసిబిడ్డల పక్క బొంతకు మాత్రం ముడులు పనికిరావు. పిల్లలు వాటిని లాగి నోట్లో పెట్టుకుంటారు. మా బొంత చివరికి అక్క మనవరాలి కింద పరవడానికే పోయింది గనుక నేను సాదా కుట్టే వేశాను.

ఎండాకాలంలో ఈ దశ మొదలుపెట్టవద్దు. ఒళ్ళో మూడు పొరల బొంత వేసుకుని మే నెలలో కూర్చుంటే, ఉన్న కాస్త ఓపిక చెమటతో పాటు పోతుంది. సంక్రాంతి ముందర పెట్టుకుంటే హాయిగా సాగుతుంది. రోజుకు రెండు గీతలని లెక్క పెట్టుకుని, మూడో గీత కుట్టాలనిపించినా ఆపేయడం నా పద్ధతి.

అంచు పట్టీ

కుట్టు అయ్యాక మూడు పొరలనూ మూలమట్టం పెట్టి సమంగా కత్తిరించాలి. ఇక వేసేది ముందటి నాలుగంగుళాల అంచు కాదు, మూడు పొరల కొసలను కప్పి కుట్టే సన్నని పట్టీ. దాన్ని క్రాస్ పీసుగా (ఐమూలగా) కోయనక్కరలేదు, నేరు అంచుల బొంతకు నేరు పట్టీ చాలు. వెడల్పు రెండున్నర అంగుళాలు. మా బొంత చుట్టుకొలత 272 అంగుళాలు, అతుకులకూ మూలలకూ 12 కలిపితే 284. 44 అంగుళాల పన్నాలో (గుడ్డ వెడల్పులో) రెండు పక్కల కరలు పోగా 42 దక్కితే 7 పట్టీలకు 294 వస్తుంది, సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ పట్టీలను ఐమూలగా అతికితే ప్రతి అతుకు దగ్గరా రెండున్నర అంగుళాలు పోతాయి. ఆరు అతుకులకు 15 పోయి 279 మిగిలి, చివరి జానెడు దగ్గర నిలబడిపోతాం. అందువల్ల 8 పట్టీలు కోయాలి, దానికి ముప్పావు మీటరు గుడ్డ తీసుకోవాలి.

పట్టీని పొడవునా సగానికి మడిచి ఇస్త్రీ చేసి, తెరిచి ఉన్న అంచును బొంత అంచుకు ఆనించి, ఒక పక్క నడుమ నుంచి, జానెడు కొస వదిలి కుట్టడం మొదలుపెట్టాలి. మూలకు పావు అంగుళం ముందే ఆగి దారం తెంపాలి. పట్టీని ఐమూలగా పైకి మడిచి, మళ్ళీ నేరుగా కిందికి, మడత బొంత అంచుకు సమంగా ఉండేలా దించి, అంచు నుంచే మళ్ళీ కుట్టాలి. నాలుగు మూలలూ అలా తిరిగాక రెండు కొసలనూ కొలిచి అతికి, పట్టీని అస్తరు వైపు తిప్పి, మిషను కుట్టు కనబడకుండా కప్పి, చేతితో కుట్టాలి. ముదురు రంగు పట్టీ బొంత ముఖాన్ని ఎంతగా మారుస్తుందో ఇక్కడికి వచ్చాక తెలుస్తుంది. కాటుక పెట్టిన కన్నులా ఉంటుందని మా అక్క అన్నది. అక్కకు నీలిరంగు అంటే పక్షపాతం, ఆ మాట కూడా చెప్పాలి.

మొదటి ఉతుకు

పచ్చికుట్టు లాగేసి, చల్లని నీళ్ళలో, కుంకుడుకాయ రసంతో గానీ ఘాటు లేని సబ్బుతో గానీ విడిగా ఉతకాలి. మెలిపెట్టి పిండకూడదు, గోడ మీద పరిచి నీళ్ళు ఓడనివ్వాలి. కలంకారీ ఉన్న బొంతను మిద్దె మీద ఎండలో కాక నీడన ఆరబెట్టాలి. ముందుగా తడపని నూలు గుడ్డ మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి ఐదు పాళ్ళు కుంచించుకుంటుంది, 80 అంగుళాల బొంత 77కు రావచ్చు. ఆ ముడుచుకోవడంలో వంకర కుట్లు చాలావరకు దాగిపోతాయి, ముడులు వేసిన బొంత కూడా మెత్తబడుతుంది. వానాకాలంలో దాచేటప్పుడు ప్లాస్టిక్‌లో కాక పాత పంచెలో చుట్టి, కలరా ఉండలను గుడ్డకు నేరుగా తగలకుండా విడిగా మూటగట్టి పెట్టాలి.

చివరగా అస్తరు మూలన చిన్న గుడ్డముక్క మీద సంవత్సరం కుట్టి అతకాలి. మా బొంత మూలన 2019 అని ఒకటి, 2023 అని ఒకటి, రెండు కుట్టాను. నడుమ ఏం జరిగిందని ఇంతవరకు ఎవరూ అడగలేదు; అడిగే వయసు వచ్చేసరికి మా అక్క మనవరాలు ఆ మూలనే ఎక్కువగా నమిలి ఉంటుంది.